పిల్లల ఒంట్లో కొవ్వెంత? రంగుల కాగితం మీది అంకె వెనక ఉన్న లెక్కలు

పిల్లల ఒంట్లోని కొవ్వును విడదీసి తూచే యంత్రం ఇప్పటిదాకా ఎవరూ తయారు చేయలేదు. ఈ మాట ముందే అనుకోవడం మంచిది. ఎందుకంటే హైదరాబాద్‌లో ఇప్పుడు ఓ మోస్తరు జిమ్‌లో, ఖరీదైన స్కూళ్ళ హెల్త్ క్యాంపుల్లో, గేటెడ్ కమ్యూనిటీల్లో ఆదివారం వేసే ఉచిత పరీక్షల టెంట్లలో చెప్పులు విడిచి ఎక్కే ఒక మెషిన్ కనిపిస్తోంది. రెండు నిమిషాల్లో రంగుల కాగితం చేతికొస్తుంది. ఫ్యాట్ 28.4 శాతం, మజిల్ ఇంత, నీళ్ళు ఇంత, ‘బాడీ ఏజ్’ ఇంత. పెద్దవాళ్ళు ఓసారి చూసుకుని జేబులో మడిచి పెట్టుకుంటారు. అదే కాగితం పదేళ్ళ పాప చేతికిస్తే ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అన్నం తగ్గుతుంది, నెయ్యి గిన్నె లోపలికి పోతుంది, పాప అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చి చూసుకోవడం నేర్చుకుంటుంది.

ఆ దశాంశం చూస్తే నాకు నవ్వొస్తుంది. పదేళ్ళ పిల్ల విషయంలో 28 అనడానికే గట్టి ఆధారం లేదు, దాని పక్కన ఆ 4 ఎక్కడి నుంచి వచ్చినట్టు?

బరువు కాక మెషిన్ నిజంగా కొలిచేది ఒక్కటే. పాదాల నుంచో చేతుల నుంచో చాలా చిన్న విద్యుత్తును, సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒంట్లోకి పంపి అది ఎంత అడ్డంకితో నడిచిందో చూస్తుంది. ఉప్పులు కరిగిన నీళ్ళలో కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. ఆ అడ్డంకికి ఎత్తును జోడించి ఒంట్లో నీళ్ళెన్నో అంచనా వేస్తుంది. నీళ్ళను బట్టి కొవ్వు కాని భాగం, అంటే కండ, ఎముక, అవయవాలు, రక్తం అన్నీ కలిపి ఎంతో అంచనా వేస్తుంది. దాన్ని బరువులోంచి తీసేసి, మిగిలినదానికి కొవ్వని పేరు పెడుతుంది. సరుకును సంచీతో సహా తూచి, ‘సంచీ ఇంతుంటుందిలే’ అని ఊహించి తీసేసినట్టే. సంచీ బరువు తప్పుగా ఊహిస్తే ఆ తప్పంతా సరుకు మీదే పడుతుంది.

పిల్లల దగ్గర ఆ ఊహే తప్పుతుంది. పెద్దవాళ్ళలో కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీళ్ళు. అప్పుడే పుట్టిన బిడ్డలో అది 80 శాతం దాకా ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ నీటి వాటా తగ్గుతుంది, ప్రొటీన్, ఖనిజాల వాటా పెరుగుతుంది. పదేళ్ళకు ఇంకా 75, 77 మధ్య ఎక్కడో ఉంటుంది. అమెరికా పిల్లల వైద్యుడు శామ్యూల్ ఫోమన్, ఆయన తోటి పరిశోధకులు 1982లో పుట్టుక నుంచి పదేళ్ళ దాకా ‘నమూనా పిల్లల’ లెక్క ఒకటి కట్టారు. ఈ రంగంలో ఇప్పటికీ చాలామంది మొదలుపెట్టేది అక్కడి నుంచే.

రెండు మూడు శాతం తేడాకే ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ముప్పై కిలోల పిల్లవాణ్ణి తీసుకుందాం. ఒంట్లో నీళ్ళు 18 కిలోలని ఖచ్చితంగా తెలిసిందనుకుందాం. పెద్దల లెక్కతో 73 శాతం అనుకుంటే కొవ్వు కాని భాగం 24.7 కిలోలు, కొవ్వు 5.3 కిలోలు, అంటే దాదాపు 18 శాతం. 76 శాతం అనుకుంటే కొవ్వు కాని భాగం 23.7 కిలోలు, కొవ్వు 6.3 కిలోలు, అంటే 21 శాతం. పిల్లవాడు అదే, నీళ్ళు అవే. మనం అనుకున్నదాన్ని బట్టి ఒక కిలో కొవ్వు వచ్చి చేరింది.

ఇంకో పద్ధతి చూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. మూసిన గదిలాంటి యంత్రంలో పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, గాలి పీడనాన్ని బట్టి ఒంటి ఘనపరిమాణం కొలుస్తారు. బరువును దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.9 గ్రాములు. పెద్దవాళ్ళలో కొవ్వు కాని భాగానిది 1.1. ఈ రెండు అంకెలతో 1961లో శాస్త్రవేత్త విలియం సిరి ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. పదేళ్ళ పిల్లవాడి కొవ్వు కాని భాగంలో నీళ్ళు ఎక్కువ, ఖనిజాలు తక్కువ కాబట్టి దాని సాంద్రత 1.084 దగ్గరే ఆగుతుంది. ఒంటి సాంద్రత 1.05 వచ్చిందనుకుంటే సిరి సూత్రం 21.4 శాతం కొవ్వు అంటుంది. పిల్లల విలువ వేసి చూస్తే దాదాపు 16.

నీళ్ళ పద్ధతిలో పెద్దల అంకె వాడితే పిల్లల కొవ్వు తక్కువగా కనిపించింది. సాంద్రత పద్ధతిలో అదే పొరపాటుకు ఎక్కువగా కనిపించింది. అందుకే ఒక మెషిన్ రిపోర్టు పక్కన ఇంకో మెషిన్ రిపోర్టు పెట్టి ‘మూడు నెలల్లో ఐదు శాతం తగ్గాడు’ అని సంబరపడటంలో అర్థం లేదు. తగ్గింది పిల్లవాడో, సూత్రమో ఎవరు చెప్తారు?

ఈ గొడవ నుంచి బయటపడటానికి పరిశోధకులు ‘నాలుగు భాగాల నమూనా’ అనేది వాడతారు. బరువు, ఘనపరిమాణం, మొత్తం నీళ్ళు, ఎముకల ఖనిజం నాలుగూ విడివిడిగా కొలుస్తారు. అప్పుడు నీటి వాటా ఇంత ఉంటుందని ఊహించాల్సిన అవసరం పోతుంది. నీళ్ళు కొలవడానికి బిడ్డ చేత కొద్దిగా భారజలం తాగించి, కొన్ని గంటల తర్వాత లాలాజలంలో అది ఎంత పలచబడిందో చూస్తారు. భారజలం అనగానే మనవాళ్ళకు మణుగూరు ఫ్యాక్టరీ, అణు రియాక్టర్లు గుర్తొచ్చి కంగారు పుడుతుంది. అందులో ఉండే డ్యుటీరియంకు, అంటే బరువైన రకం హైడ్రోజన్‌కు, రేడియోధార్మికత లేదు. ఇక్కడ ఇచ్చే మోతాదు కూడా స్వల్పం, చంటిపిల్లల మీద సైతం వాడతారు. కాకపోతే ఇదంతా పరిశోధనశాలల పని, మన వీధి చివరి క్లినిక్‌లో జరిగేది కాదు.

కొలతల సంగతి కాసేపు పక్కన పెట్టి, కొలవబడే ఒంటి సంగతి చూద్దాం. నా ఉద్దేశంలో తల్లిదండ్రులు ముందు తెలుసుకోవాల్సింది ఇదే. పిల్లల్లో కొవ్వు తిన్నగా పెరుగుతూ పోదు. పుట్టినప్పుడు బరువులో 13 నుంచి 15 శాతం ఉంటుంది. ఆరు నెలలకు నాలుగో వంతుకు చేరుతుంది. మనిషి జీవితంలో అంత వేగంగా కొవ్వు కూడబెట్టే కాలం మళ్ళీ రాదు. నడక వచ్చాక తగ్గుముఖం పడుతుంది. ఐదేళ్ళకు ఫోమన్ లెక్కలో మగపిల్లల్లో 15 శాతం లోపు, ఆడపిల్లల్లో 17 లోపు. మన ఇళ్ళలో ‘ఏడాదప్పుడు ఎంత ముద్దుగా ఉండేవాడో, ఇప్పుడు చూడండి డొక్కలు కనిపిస్తున్నాయి, ఏమీ తినడు’ అని బెంగపడేది సరిగ్గా ఈ వయసు పిల్లల గురించే. డొక్కలు కనిపించాల్సిన వయసే అది. అమ్మమ్మలు ఒప్పుకోరనుకోండి.

బీఎంఐ, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, కూడా అలాగే నడుస్తుంది. మొదటి ఏడాది పెరిగి, ఐదారేళ్ళ దగ్గర అన్నిటికంటే కిందికి దిగి, అక్కడి నుంచి మళ్ళీ పైకి లేస్తుంది. ఈ రెండో లేపును ఫ్రాన్స్‌లో రోలాండ్-కాషెరా బృందం 1984లో వివరించింది. అది మామూలు కన్నా ముందే, నాలుగేళ్ళకో అంతకన్నా ముందో మొదలైన పిల్లల్లో తర్వాత ఊబకాయం ఎక్కువగా కనిపిస్తోంది. ముందుగా లేవడమే కారణమా, లేక అప్పటికే ఎక్కువ బరువు వైపు నడుస్తున్న పిల్లల్లో అలా కనిపిస్తుందా అన్న వాదన వేరే ఉంది. ఏదేమైనా ఒక్కసారి తూచిన బరువులో ఇది కనిపించదు, ఏడాదికి రెండు చొప్పున రాసిపెట్టుకున్న అంకెల్లోనే కనిపిస్తుంది.

తర్వాత యుక్తవయసు. ఇక్కడ మగపిల్లల దారి, ఆడపిల్లల దారి వేరవుతాయి. ఎత్తు అన్నిటికన్నా వేగంగా పెరిగేది ఆడపిల్లల్లో 12 ఏళ్ళ చుట్టుపక్కల, మగపిల్లల్లో 14 చుట్టుపక్కల. టెస్టోస్టెరాన్ ప్రభావంతో మగపిల్లల్లో కండ, ఎముక ఒక్కసారిగా పెరుగుతాయి. ఈస్ట్రోజన్ ప్రభావంతో ఆడపిల్లల్లో తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. ఉదాహరణకు 12 ఏళ్ళకు 40 కిలోలున్న అబ్బాయికి 9 కిలోల కొవ్వు ఉందనుకుందాం. అంటే 22.5 శాతం. రెండున్నరేళ్ళ తర్వాత 55 కిలోలు, అందులో కొవ్వు 9.5 కిలోలు. శాతం 17కు దిగింది. ఇంట్లో అందరూ ‘కొవ్వు కరిగింది’ అంటారు. కరగలేదు, అర కిలో పెరిగింది కూడా. చుట్టూ పద్నాలుగున్నర కిలోల కొవ్వు కాని శరీరం పెరగడంతో దాని వాటా తగ్గింది, అంతే.

ఇక అమ్మాయి. 11 ఏళ్ళకు 34 కిలోలు, కొవ్వు 7.5, అంటే 22 శాతం. 14 ఏళ్ళకు 47 కిలోలు, కొవ్వు 12.2, అంటే 26 శాతం. ఇది చక్కగా ఎదుగుతున్న ఆడపిల్ల శరీరం. కానీ కాగితం మీద శాతం పెరిగింది కాబట్టి ఎరుపు రంగు బాణం పడుతుంది. జీవితంలో తిండి సరిగ్గా అవసరమైన మూడేళ్ళలో ఆ పిల్ల ఆ బాణం చూసి రాత్రి భోజనం మానేస్తే, ఆ మెషిన్ చేసిన మేలేమిటి?

శాతంతో ఇంకో తంటా ఉంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరిదీ 140 సెంటీమీటర్ల ఎత్తే. ఒకరు 32 కిలోలు, కొవ్వు 8. ఇంకొకరు 40 కిలోలు, కొవ్వు 10. ఇద్దరికీ కొవ్వు 25 శాతం. మొదటి బిడ్డకు కొవ్వు పెద్దగా ఎక్కువ లేదు, కండే తక్కువ. రెండో బిడ్డకు రెండూ ఎక్కువే. మొదటి బిడ్డను డైటింగ్‌లో పెడితే ఉన్న కండ కూడా పోతుంది. ఈ తేడా బయటపడాలంటే కొవ్వు కిలోలను, కొవ్వు కాని కిలోలను విడివిడిగా ఎత్తు వర్గంతో భాగించాలి. బీఎంఐనే రెండు ముక్కలు చేయడం అన్నమాట. మొదటి బిడ్డకు కొవ్వు ముక్క 4.1, కొవ్వు కాని ముక్క 12.2. రెండో బిడ్డకు 5.1, 15.3. వాన్‌ఇటాలీ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1990లోనే ఈ పద్ధతి సూచించారు. పరిశోధనల్లో వాడుతున్నారు, క్యాంపు కాగితాల మీద మాత్రం ఇప్పటికీ శాతమే పెద్దక్షరాల్లో ఉంటుంది.

మన పిల్లల విషయంలో ఇది మరీ అవసరం. పుణె కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి 2003లో ఫలితాలు వెల్లడించింది. పుణె బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, అక్కడి వాళ్ళది 3.5. కండ, పొట్ట చుట్టుకొలత అన్నీ మనవాళ్ళలో తక్కువే. వీపు మీద, భుజం ఎముక కింద చర్మం మడత మందం మాత్రం అంతగా తగ్గలేదు. అంటే బిడ్డ చిన్నదే, దాని పరిమాణంతో పోలిస్తే కొవ్వు చిన్నది కాదు. ఏడాది తర్వాత యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి తమ ఇద్దరి ఫొటోనే లాన్సెట్ పత్రికలో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. ఒకే బీఎంఐ దగ్గర మనకు కొవ్వు ఎక్కువుంటుంది కాబట్టే భారత పిల్లల వైద్యుల సంఘం 2015 చార్టుల్లో పెద్దల బీఎంఐ 25, 30కి బదులు 23, 27కి సరిపోయే గీతలు గీసింది. పిల్లల డాక్టర్ మీ బిడ్డ బీఎంఐని ఏ చార్టు మీద చూస్తున్నారో అడగడంలో తప్పులేదు.

మన హైదరాబాద్ కథ కూడా ఒకటుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చింది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గరి 29 పల్లెల్లో అది ఒక అధ్యయనం చేసింది. కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు అదనపు తిండి అందింది, మిగతా పల్లెలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళయ్యాక 1165 మందిని మళ్ళీ పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించారు. తిండి అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఒంటి కూర్పులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా వాళ్ళలో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల్లో బిరుసు తక్కువ. కొవ్వు, కండల లెక్క ఒకేలా ఉన్నా లోపల ఆరోగ్యం వేరుగా ఉండొచ్చని దీన్నిబట్టి తెలుస్తోంది. కూర్పు కొలతతో అంతా తేలిపోతుందని అనుకునేవాళ్ళు ఈ అధ్యయనాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి.

డెక్సా స్కాన్ అయితే ఖచ్చితంగా చెప్తుంది కదా అని అడిగేవాళ్ళుంటారు. ఆ చెప్పులు విడిచే మెషిన్ కన్నా నయమే. రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపి, అవి ఎంతెంత తగ్గాయో చూసి ఎముక, కొవ్వు, మిగతా మెత్తటి భాగం వేరు చేస్తుంది. ఒళ్ళంతా తీసినా రేడియేషన్ ప్రకృతిలో మనకు ఒక రోజులో తగిలేదానికి అటూ ఇటూగానే ఉంటుంది. కానీ పిల్లవాడు కదలకుండా పడుకోవాలి, కంపెనీ మారితే అంకె మారుతుంది. ఎముకల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఆ స్కాన్ ఎముక లోతును చూడలేదు. చదరపు సెంటీమీటరుకు ఇన్ని గ్రాముల ఖనిజం అని చెబుతుంది. పొట్టిగా ఉన్న పిల్లవాడి ఎముక మందం తక్కువ కాబట్టి, ఎముక గట్టిగానే ఉన్నా అంకె తక్కువొస్తుంది. పైగా రిపోర్టులో టీ-స్కోర్ ఉంటే దాన్ని పిల్లలకు అస్సలు పట్టించుకోకూడదు. అది ముప్పై ఏళ్ళ లోపు ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళతో పోలిక. పిల్లలకు చూడాల్సింది అదే వయసు, అదే లింగం పిల్లలతో పోల్చే జడ్-స్కోర్, అదీ ఎత్తును లెక్కలోకి తీసుకుని.

ఎముకల గురించి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. కెనడాలోని సస్కచెవాన్‌లో పిల్లల్ని ఏళ్ళ తరబడి కొలిచిన అధ్యయనంలో తేలిందేమిటంటే, ఎత్తు పెరిగే వేగం శిఖరానికి చేరిన దాదాపు ఎనిమిది నెలలకు గానీ ఎముకల్లో ఖనిజం చేరే వేగం శిఖరానికి చేరదు. పెద్దయ్యాక ఉండే ఎముక ఖనిజంలో నాలుగో వంతుకు పైగా ఆ శిఖరం చుట్టూ ఉన్న రెండేళ్ళలోనే చేరుతుంది. పొడుగైన ఎముకలోకి ఖనిజం ఇంకా పూర్తిగా చేరని ఆ మధ్యకాలంలోనే పిల్లలకు మణికట్టు దగ్గర ఎముకలు ఎక్కువగా విరుగుతుంటాయి.

దీంతో వయసును పుట్టినరోజు లెక్కన చూడటం ఎందుకు చాలదో అర్థమవుతుంది. ఏడో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరబ్బాయిల్లో ఒకడికి మీసం మొలుస్తూ ఉండొచ్చు, ఇంకొకడికి యుక్తవయసు మొదలే కాకపోవచ్చు. వాళ్ళ కండను, కొవ్వును ఒకే చార్టు మీద పోల్చడం అన్యాయం. గచ్చిబౌలి వైపు బ్యాడ్మింటన్ కోచింగ్‌లకు, ఎల్బీ స్టేడియంలో అథ్లెటిక్స్‌కు వెళ్ళే అండర్-13 పిల్లల్లో ముందుగా ఎదిగినవాడు బలంగా కనిపించి సెలెక్ట్ అవుతాడు, ఆలస్యంగా ఎదిగేవాడు ఇంటికొస్తాడు. డాక్టర్లు ఎదుగుదలను టానర్ దశలతో, అంటే ఒంటి మీద కనిపించే యుక్తవయసు మార్పులను బట్టి ఒకటి నుంచి ఐదు దాకా, అంచనా వేస్తారు. అవసరమైతే ఎడమ చేతి ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. కూర్చున్నప్పటి ఎత్తు, నిలబడ్డ ఎత్తు, బరువు, వయసు కలిపి ఎత్తు పెరిగే వేగపు శిఖరం ఎంత దూరంలో ఉందో చెప్పే సూత్రం 2002లో వచ్చింది. ఖర్చు లేని పనే. కానీ మరీ ముందుగానో మరీ ఆలస్యంగానో ఎదిగే పిల్లల్ని అది సగటు వైపుకు లాగేస్తుంది. అసలు ఇబ్బంది పడేది వాళ్ళే.

చవకైన పాత పద్ధతి ఇంకొకటి ఉంది, చర్మాన్ని వేళ్ళతో పట్టి కాలిపర్‌తో మందం కొలవడం. చేయి వెనక, భుజం ఎముక కింద. కొలిచేవాళ్ళకు శిక్షణ ఉండాలి. దేశవ్యాప్తంగా 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో ఈ కొలతలు తీసుకున్నారు. ఆ మందాన్ని సూత్రంలో వేసి శాతం తీయడం మొదలుపెడితే మళ్ళీ పాత కథే. మిల్లీమీటర్లను మిల్లీమీటర్లుగా ఉంచి, అదే చేత్తో అదే చోట ఆరు నెలలకోసారి కొలిస్తే చాలా ఉపయోగం.

ఇంతకీ ఆ చెప్పులు విడిచే మెషిన్‌ను ఏం చేయాలి? కొంటే కొన్నారు, మొన్నటి పరీక్షకు ఇవాళ్టి పరీక్షకు మధ్య ఆరు నెలలైనా ఉంచండి. ఎదిగే పిల్లల్లో మూడు నెలల్లో కొవ్వు మారేది అర కిలో అటూ ఇటూ. మెషిన్ తప్పే అంతకంటే పెద్దది. పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు ఎక్కించాలి. ఎండాకాలం పీటీ క్లాసు నుంచి చెమటతో వచ్చిన పిల్లవాడికీ, రెండు గ్లాసుల మజ్జిగ తాగిన పిల్లవాడికీ ఒకే అంకె రాదు. జ్వరంలో, విరేచనాలప్పుడు అసలు వద్దు. ‘విసరల్ ఫ్యాట్ లెవెల్’ (పొట్టలో అవయవాల చుట్టూ చేరే కొవ్వు), ‘బాడీ ఏజ్’ అనే గడులు పిల్లల కాగితం మీద చూడకపోయినా నష్టం లేదు. వాటి వెనక ఉన్న సూత్రాలు ఎక్కువగా పెద్దవాళ్ళ కోసం రాసినవే. అంకెను పిల్లల ముందు గట్టిగా చదవకపోతే మరీ మంచిది.

ఇంట్లో టేపు, గోడ, బరువు మెషిన్ చాలు. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు, నడుము రాసిపెట్టండి. ఆరేళ్ళు దాటిన పిల్లల్లో నడుము ఎత్తులో సగానికి మించుతుంటే డాక్టర్‌కు చూపించాలి. ఎదిగే వయసులో బరువు తగ్గుతూ పోయినా, ఏడాదిగా ఎత్తు పెరగకపోయినా అంతే. ఆడపిల్లల్లో ఎనిమిదేళ్ళ లోపు, మగపిల్లల్లో తొమ్మిదేళ్ళ లోపు యుక్తవయసు లక్షణాలు కనిపించినా, ఆడపిల్లల్లో 13, మగపిల్లల్లో 14 దాటినా ఏ లక్షణమూ మొదలవకపోయినా వెళ్ళాల్సింది పిల్లల హార్మోన్ డాక్టర్ దగ్గరికి. వెళ్ళేటప్పుడు ఆ రంగుల కాగితాన్ని ఇంట్లో వదిలేసినా ఫర్వాలేదు, ఎత్తు, బరువు రాసిన పుస్తకం మాత్రం మర్చిపోవద్దు. డాక్టర్ మొదట అడిగేది అదే.